గోదారి ఎదురు పారిన అట్ట

చిరంజీవి చిట్టికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాననుకోకు. ఊరికే, రాసి చాలా రోజులైందని. అమ్మ మాగాయ పెట్టింది. పెరట్లో కొళాయి బాగుచేయించాం. మొన్న బుజ్జిబాబు వచ్చి మాటల్లో మాటగా, నువ్వు వేసిన పత్రిక అట్ట మళ్లీ వెనక్కొచ్చిందటగా అన్నాడు. వాడి మాట ఎవరు నమ్ముతారులే. అయితే మూడోసారి అని లెక్క కూడా చెప్పాడు.

నువ్వు పంపిన గండికోట అట్ట నమూనా నిన్న మళ్లీ చూశాను. ఫొటో బ్రహ్మాండం. కానీ అది అడ్డంగా తీసింది, మీ పత్రిక నిలువు. పైన బెత్తెడు ఆకాశం లేకపోతే పత్రిక పేరు ఎక్కడ కూర్చుంటుంది? 1982 ఫిబ్రవరి సంచికకి నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లకీ ఇదే తంటా. అడ్డం ఫొటోని నిలువు అట్టలో ఇమడ్చాలని గీజా పిరమిడ్లని కంప్యూటర్లో దగ్గరికి జరిపారు. అంతటివాళ్లూ మాట పడ్డారు. నువ్వు కొండని జరపకు, ఇంకో ఫొటో అడుగు. పేరుకి మరీ సన్నటి అక్షరాలు వాడావు. బస్టాండు కొట్లో పత్రికలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే పై అంచే కనబడుతుంది. ఇప్పుడు ఫోన్లో అయితే గోరంత బొమ్మ. ఆ నీలం కూడా కాగితం మీద అంత మెరవదు, సీఎంవైకేలోకి, అదే అచ్చుకి వాడే నాలుగు రంగుల్లోకి, మార్చి చూసుకున్నావా? కత్తిరింపులో పోయేందుకు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదిలావా?

సలహాలు ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను. నీకు తెలియనివా ఇవి! వేళకి తింటున్నావా లేదా, అది చెప్పు.

పాపికొండల అట్ట సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. అప్పటికి నీకు మూడేళ్లు. మా ప్రెస్సులో ఒక పత్రికకి యాత్రల ప్రత్యేక సంచిక వేస్తున్నాం. ఫొటో స్లైడుని సెపరేషన్‌కి, అంటే అచ్చు కోసం రంగులు విడదీయడానికి, ఇచ్చింది నేనే, తిరగేసి ఇచ్చాను. కొండ కొండలాగే ఉంది, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అక్షరాలు వేరే ఫిల్మ్ కాబట్టి అవి తిన్నగానే పడ్డాయి. ప్రూఫ్ నలుగురు చూసి సంతకాలు పెట్టారు. 2 వేల అట్టలు ఆరబెట్టాక, బైండింగ్‌లో చేసే పోలవరం కుర్రాడు ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇదేంటి సార్, గోదారి ఎదురు పారుతోంది?" అన్నాడు. కిటికీ దగ్గర స్లైడు పట్టుకుని చూస్తే వాడన్నదే నిజం. ఓనరు నన్ను మూడు వారాలు ప్రెస్సు గుమ్మం తొక్కొద్దన్నాడు. మీ అమ్మకి చెప్పలేదు. రోజూ క్యారేజీ కట్టించుకుని ప్రకాశం బ్యారేజీ దగ్గర కూర్చుని, ఆరింటికి ఇంటికొచ్చేవాణ్ణి. తనకి రెండో రోజే తెలుసట. ఆ మూడు వారాలూ క్యారేజీలో పులిహోరో, అప్పడమో ఏదో ఒకటి ఎక్కువే ఉండేది. నాకు వెలగనే లేదు. బామ్మ నవ్వుతూ బయటపెట్టేసరికి నువ్వు బడికి పోతున్నావు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఊరికే చెప్పాను.

మొన్నటి ఆదివారం, అంతకుముందు ఆదివారం కూడా నీ ఫోన్ రాలేదు. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఫోన్ పక్కనే పెట్టుకుని కూరగాయలు తరిగింది.

శుక్రవారం పిన్నివాళ్ల అబ్బాయి ముంబై వస్తున్నాడు. మాగాయ, కందిపొడి పంపుతున్నాం. సీసాకి రెండు కవర్లు చుట్టాం, అయినా నిలువుగానే పెట్టు. తడి చెంచా ముంచకు. అక్కడ వానలు మొదలవుతాయి, పాత గొడుగు ఊచలు విరిగాయన్నావు, కొత్తది కొనుక్కో. వాడు తిరిగొచ్చేటప్పుడు ఆ మూడు అట్టలూ ప్రింటు తీసి చుట్ట చుట్టి ఇచ్చి పంపు, మడత పడకుండా. ఫోన్లో నాకు సరిగ్గా ఆనదు. ప్రెస్సు నాటి నా భూతద్దం తుడిచి పెట్టుకున్నాను.

మీ నాన్న