గెలిచిన ఆటలతోపాటు పట్టాలనూ లెక్కించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కళాశాల క్రీడల గురించి మన పత్రికల్లో పతకాలు, ట్రోఫీలు, జట్ల ఎంపికల వార్తలు వస్తుంటాయి తప్ప, ఆట పేరుతో కళాశాలలో చేరిన విద్యార్థి చదువు చివరికి ఏమైందన్న ఆరా అరుదుగా కనిపిస్తుంది. అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయ మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు 38 సీజన్లపాటు కోచ్‌గా పనిచేసిన పాట్ సమిట్ జీవితాన్ని ఈ సందర్భంలో మన విద్యాసంస్థల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

1974లో ఆ బాధ్యత చేపట్టేనాటికి ఆమె వయసు 22 ఏళ్లు, జీతం నెలకు 250 డాలర్లు. జట్టు వ్యాను ఆమే నడిపేవారు, ఆటగత్తెల యూనిఫారాలు ఆమే ఉతికేవారు. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీలపై వివక్ష చూపకూడదని చెప్పే ‘టైటిల్ నైన్’ చట్టం 1972లోనే వచ్చినా, అమ్మాయిల జట్లకు డబ్బుగానీ గౌరవంగానీ ఇంకా అందని రోజులవి. ఆ లోటు ఆమెకు కొత్త కాదు. తమ ఊరి హైస్కూల్లో అమ్మాయిలకు జట్టు లేదని, కూతురు ఆడుకోవడం కోసం ఆమె తల్లిదండ్రులు జట్టు ఉన్న చోటికి కాపురం మార్చారు. వాళ్లది వ్యవసాయ కుటుంబం.

టెనెసీ హైస్కూళ్లలో అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కు అప్పట్లో వేరే నియమాలుండేవి. జట్టుకు ఆరుగురు; ముగ్గురు బుట్టలో బంతి వేయడానికి, ముగ్గురు అడ్డుకోవడానికి; ఎవరూ మధ్యగీత దాటకూడదు. కోర్టు మొత్తం పరుగెత్తే శక్తి ఆడపిల్లలకు ఉండదన్న అపోహే దీని వెనుక ఉంది. సగం కోర్టుకే అలవాటుపడిన అమ్మాయి కళాశాల జట్టులో నిలబడలేదని, స్కాలర్‌షిప్ అవకాశం పోగొట్టుకుంటుందని సమిట్ బహిరంగంగా వాదించారు. 1970ల చివరికి ఆ నియమాలు మారాయి. ఆమె జట్టులో ఎన్నడూ ఆడని వేలాది బాలికలకు కూడా మేలు చేసిన ఈ పోరాటాన్ని నేను ఆమె ట్రోఫీలకన్నా ఎక్కువగా గౌరవిస్తాను.

ట్రోఫీలకు కొదవ లేదు. 1987 నుంచి 2008 వరకు ఎనిమిది జాతీయ టైటిళ్లు, మొత్తం 1,098 విజయాలు, 1997–98లో ఆడిన 39 ఆటల్లోనూ గెలుపు. విజయాల సంఖ్యలో తర్వాత మరికొందరు కోచ్‌లు ఆమెను దాటారు. దాటడానికి వీల్లేని లెక్క మరొకటి ఉంది. టెనెసీలో తమ అర్హతా కాలం (కళాశాల జట్టులో ఆడేందుకు విద్యార్థికి అనుమతి ఉన్న కాలం) పూర్తయ్యేదాకా ఆమె దగ్గర ఆడిన ప్రతి విద్యార్థినీ డిగ్రీ పూర్తిచేసింది. మధ్యలో వేరే కళాశాలకు వెళ్లిపోయినవారు ఈ లెక్కలోకి రారన్నది నిజమే. అయినా ఇన్ని దశాబ్దాలపాటు ఒక్కరు కూడా తప్పకపోవడం మామూలు విషయం కాదు. అది దానంతటదే జరగలేదు. తరగతి గదిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి, కారణం లేకుండా క్లాసు ఎగ్గొడితే ఆట ఉండదు అన్న నియమాలు జట్టులోని పేరుమోసిన ఆటగత్తెకూ వర్తించేవి. ఆమె చాలా కఠినురాలన్న మాట ఆమె శిష్యురాళ్లే చెప్పారు. ఆ కాఠిన్యం కోర్టుకే పరిమితం కాకుండా పుస్తకాల దాకా వెళ్లింది కాబట్టే నేను దాన్ని సమర్థిస్తున్నాను.

సమిట్ శిష్యురాళ్లలో ఒకరైన, పుట్టుకతో వినికిడి లోపమున్న టమీకా క్యాచింగ్స్ చిన్నప్పుడు తోటి పిల్లల ఎగతాళి భరించలేక వినికిడి యంత్రాన్ని విసిరేసింది. టెనెసీలో చేరాక మళ్లీ యంత్రం పెట్టుకోమని, మాట స్పష్టత కోసం శిక్షణ తీసుకోమని ఆమెను ఒప్పించినవారిలో సమిట్ ముఖ్యులు. క్యాచింగ్స్ తర్వాత నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు.

2011లో, 59 ఏళ్ల వయసులో, తనకు జ్ఞాపకశక్తిని హరించే అల్జీమర్స్ వ్యాధి వచ్చిందని తెలిసినప్పుడు సమిట్ దాన్ని దాచుకోలేదు. లోకానికి చెప్పి, మరో సీజన్ జట్టుతోనే ఉండి, ఆ వ్యాధిపై పరిశోధనకు తోడ్పడే సంస్థను స్థాపించారు. తన దగ్గరే ఆడి, తన సహాయకురాలిగా ఎదిగిన హోలీ వార్లిక్‌కు 2012లో జట్టు అప్పగించారు. 2016లో, 64 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్పోర్ట్స్ కోటాలో ఏటా విద్యార్థులు సీట్లు పొందుతున్నారు. వారిలో ఎందరు కోర్సు పూర్తిచేశారో, ఎందరు బ్యాక్‌లాగ్‌లతో మధ్యలోనే ఆగిపోయారో ప్రతి కళాశాల ఏటా తన నోటీసు బోర్డులోనూ వెబ్‌సైట్‌లోనూ ప్రకటించాలని విశ్వవిద్యాలయాలు ఆదేశించాలి. టోర్నమెంట్ల కోసం తరగతులకు దూరమైన విద్యార్థులకు తిరిగి పాఠం చెప్పించే బాధ్యతను ఫిజికల్ డైరెక్టరుకు, సబ్జెక్టు అధ్యాపకులకు కలిపి అప్పగించాలి. అందుకు ముందుగా ఖాళీగా ఉన్న ఫిజికల్ డైరెక్టర్ పోస్టులను భర్తీ చేయాలి. మీ పత్రిక కూడా క్రీడల పేజీలో విజేతల ఫోటో వేసేటప్పుడు వారు ఏ కోర్సు, ఏ సంవత్సరం చదువుతున్నారో ఒక వాక్యం చేర్చాలని నా విన్నపం.

భవదీయురాలు,
ఒక విశ్రాంత డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు,
గుంటూరు