ఎమర్జెన్సీ సామాన్ల చందా - జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం అండీ. ఎమర్జెన్సీలో పనికొచ్చే సామాన్లు కొనడానికి మన అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన డబ్బు ఏమైంది అని చాలామంది అడుగుతున్నారు, అడగడంలో తప్పేం లేదు, లేటయింది మా వల్లే. బిల్లులన్నీ ట్రెజరర్ గారి దగ్గర ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం తేలిగ్గా అర్థం కావాలని మొత్తం జమని 100 పాళ్ళు అనుకుని చెప్తున్నాం.

జమ: ఇళ్ళ నుంచి 91, పోయినేడాది మిగులు 9.

ఖర్చు: నీళ్ళ డబ్బాలకి 38. గొడవంతా దీని మీదే కదా, కాబట్టి కాస్త వివరంగా చెప్తాం. తాగడానికీ వండుకోడానికీ మనిషికి రోజుకి దాదాపు 4 లీటర్లు, మూడు రోజులకి 12, నలుగురున్న ఇంటికి 48, అందుకే ఇంటికి 10 లీటర్ల డబ్బాలు ఐదు ఇచ్చాం. 20 లీటర్లవి కొంటే చవగ్గా వచ్చేవి కదా అన్నారు, నిజమే, కానీ నిండు డబ్బా 20 కేజీలు, కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే దాన్ని మూడో అంతస్తుకి మోసేదెవరు, మేం ట్రయల్‌కి ఒకటి మోసి చూశాం, రెండో మలుపులోనే కింద పెట్టేశాం. ఆరు నెలలకోసారి ఆ నీళ్ళు మార్చుకోండి, తారీఖు డబ్బా మీదే రాసుకోండి.

ఫస్ట్ ఎయిడ్ బాక్సులకి 22. గాయం మీద వేసే పల్చటి గాజ్ గుడ్డ, రోలర్ బ్యాండేజీ, ప్లాస్టరు, కత్తెర, గ్లౌజులు, థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఓఆర్ఎస్ సగం సగం వాడకండి, ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్ళలో ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. బీపీ, షుగర్ మాత్రలు ఉమ్మడి డబ్బుతో కొనలేదు, ఎవరివి వాళ్ళవి, వారానికి సరిపడా ఎవరింట్లో వాళ్ళే పెట్టుకోవాలి.

టార్చిలు, రేడియోలు, బ్యాటరీలకి 17. ఇందులో కొంత మా తప్పుకి కట్టిన ఫైను అనుకోండి. పోయినేడాది ఆరు టార్చిల్లో బ్యాటరీలు తీయకుండా అలాగే బీరువాలో పెట్టేశాం, ఈసారి తెరిస్తే నాలుగు టార్చిల్లో బ్యాటరీలు కారి తెల్లటి పొడి, స్ప్రింగులు తినేసి ఉన్నాయి, పారేసి కొత్తవి కొనాల్సొచ్చింది. ఇప్పుడు బ్యాటరీలు విడిగా కవర్లో వేసి టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టాం, మీరూ అలాగే ఉంచండి. కొవ్వొత్తులు ఎందుకు కొనలేదంటారా, గ్యాస్ లీకై ఉంటే అగ్గిపుల్ల గీయడమే ప్రమాదం, అసలు ఆ ఆలోచనే మానేశాం.

మంటలార్పే సిలిండర్లకి 12, మెట్ల దగ్గర తగిలించాం. నెలకోసారి ఒత్తిడి చూపే గేజీ ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో చూడాలి, ఆ పనికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. ఇంటి కాగితాల జెరాక్సులు దాచుకునే తడవని కవర్లు, విజిల్సు కలిపి 4, ఆటో కిరాయి 2.

మిగులు 5. అది బ్యాటరీలకే పక్కన పెట్టాం, వేరేదానికి వాడం.

రెండిళ్ళ వాళ్ళు డబ్బాలు ఇంకా తీసుకెళ్ళలేదు, స్టోర్ రూములో ఫ్లాట్ నంబర్ రాసి పెట్టాం, ఈ ఆదివారం లోపు పట్టుకెళ్ళండి.