స్లిప్పర్ ఆర్కిడ్‌కి వేరే లెక్క ఉంది

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆర్కిడ్ల పెంపకం మీద వచ్చిన వ్యాసం చదివాను. బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు కాబట్టి ఇలాంటివి ఇంకా రావాలి. కానీ అందులో ఒక సలహా చూశాక రాయకుండా ఉండలేకపోయాను. కుండీ పూర్తిగా ఎండాకే ఆర్కిడ్‌కి నీళ్లు పోయాలని అన్ని రకాలకూ కలిపి చెప్పేశారు, పక్కనే స్లిప్పర్ ఆర్కిడ్ ఫొటో వేశారు, అంటే పువ్వు కింద చెప్పు కొసలాంటి సంచీ ఉండే రకం. డెండ్రోబియం అనే ఆర్కిడ్‌కి ఆ మాట సరిపోతుంది, ఎందుకంటే దాని లావుపాటి కాడల్లో నీళ్లు దాచుకుంటుంది. స్లిప్పర్ ఆర్కిడ్‌కి అలాంటి కాడ లేదు, వాండా ఆర్కిడ్‌కి ఉన్నట్టు గాల్లో వేలాడే లావు వేర్లూ లేవు. అడవిలో అది ఎక్కువగా చెట్ల నీడన, కుళ్లిన ఆకుల మధ్య, నాచు పట్టిన రాళ్ల సందుల్లో పెరుగుతుంది. ఉన్న కొద్దిపాటి వేర్లు, గోధుమ రంగులో నూగుతో ఉండేవి, అవి ఎండిపోయినా కుళ్లిపోయినా కొత్తవి రావడానికి చాలా కాలం పడుతుంది. అందుకే మీ వ్యాసం నమ్మి కొత్తగా ఈ మొక్క తెచ్చుకున్నవాళ్లకి ఈ నాలుగు ముక్కలు చేరితే బాగుంటుందని రాస్తున్నాను.

కుండీలో తేమ ఎప్పుడూ ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. అది ఎలా తెలుస్తుందంటే, వెలిగించని అగరుబత్తి మీద పొడి గీకేసి ఆ పుల్లని కుండీలో లోపలిదాకా గుచ్చి, కాసేపాగి తీసి చూడండి. చల్లగా, కొంచెం నల్లబడి వస్తే ఇంకో రోజు ఆగొచ్చు. తేమ కొద్దిగానే మిగిలి, పొడిబారబోతున్నట్టు వస్తే అప్పుడే పోయాలి. వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకుంటే ఏప్రిల్‌లో ఎండగడతారు, ఆగస్టులో కుళ్లబెడతారు. పోసేది కూడా పొద్దున్నే, కుండీ అంచు చుట్టూ, కింద రంధ్రాల్లోంచి కారిపోయేదాకా. మొవ్వలో నీళ్లు పడితే వెంటనే టిష్యూ పేపర్ కొన ముంచి పీల్చేయండి. రాత్రంతా అక్కడ నీళ్లు నిలిస్తే ఆకు మొదట్లో నీరు పట్టినట్టు గోధుమరంగు మచ్చ మొదలై, వేలు పెడితే మెత్తగా దిగిపోతుంది, కొద్ది రోజుల్లోనే ఆ పిలక మొత్తం పోతుంది. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే మంటలో కాల్చి చల్లార్చిన బ్లేడుతో పచ్చగా ఉన్న భాగం కూడా కొంత కలిపి కోసి, కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దితే చాలాసార్లు ఆగుతుంది. ఆ పొడి వేర్ల మీద మాత్రం పడనివ్వొద్దు, వాటిని ఎండబెట్టేస్తుంది.

ఇక నీళ్ల సంగతి. మన దగ్గర ఈ మొక్కలు ఎక్కువగా పాడయ్యేది దీనివల్లే అని నా నమ్మకం. హైదరాబాద్ శివార్లలో గానీ నల్గొండ వైపు గానీ బోరు నీళ్లలో ఉప్పులు ఎంత ఉంటాయో గీజర్ పాడైనప్పుడు విప్పి చూసినవాళ్లకి తెలుసు. అవే ఉప్పులు కుండీలో పేరుకుంటాయి, అంచు మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడుతూ లోపలికి వస్తాయి, మనం ఏమో నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాం. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి, లేకపోతే తాగే ఆర్వో నీళ్లు పోయండి. ఒక్క మొక్కకి అయ్యేది ఏ పాటి! పేడ ఎరువు, వర్మీ కంపోస్టు, బియ్యం కడిగిన నీళ్లు దీనికి వద్దు. నీళ్లలో కరిగే 19-19-19 లాంటి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే) ఎరువు, డబ్బా మీద రాసినదాంట్లో నాలుగో వంతు, పదిహేను రోజులకోసారి చాలు, నెలకోసారి ఉత్త నీళ్లు బాగా పారించి మిగిలినది కడిగేయాలి.

కొత్తగా తెచ్చిన కుండీలో ఏముందో తప్పక చూడండి. మట్టీ, కొబ్బరి పొట్టూ కుక్కి అమ్మేవాళ్లున్నారు. అలా ఉంటే పువ్వు ఉన్నా సరే, ఆగకుండా మార్చేయాలి. చిన్న సైజు బెరడు ముక్కలు, కొంచెం బొగ్గు, కొంచెం పెర్లైట్ (తేలికపాటి తెల్లటి గుళికలు), మీ ఇల్లు పొడిగా ఉంటే ఓ గుప్పెడు స్పాగ్నం నాచు, అంతే. కుండీ చిన్నదే ఉండాలి, వేర్లకి సరిపడా. ఉన్న మిశ్రమం బాగానే ఉంటే పువ్వు రాలేదాకా ముట్టుకోవద్దు. మిగతా మొక్కల పక్కన పెట్టకుండా కొన్ని వారాలు విడిగా ఉంచి, ఆకుల మొదళ్లలో పిండినల్లి ఉందేమో భూతద్దంతో వెతకండి, అది అక్కడే దాక్కుంటుంది.

ఏ రకం కొనాలన్నది కూడా మీ వ్యాసంలో లేదు. మన వేడికి ఆకుల మీద మచ్చలు మచ్చలుగా డిజైన్ ఉన్న రకాలు నప్పుతాయి. తెల్లటి పువ్వు మీద ఆకుపచ్చ చారలుండే మాడియే అనే సంకరం 1900 నాటిది, ఇప్పటికీ కొత్తవాళ్లకి అదే మంచిది. ఆకులు ఒకే పచ్చరంగులో పొడుగ్గా ఉండేవాటిలో చాలా రకాలు, ముఖ్యంగా మేఘాలయ ఖాసీ కొండల ఇన్‌సిగ్నే జాతి, చల్లటి రాత్రులు ఉంటేనే మొగ్గ తొడుగుతాయి. అరకు వైపు ఉన్నవాళ్లో, బెంగళూరులో ఉన్న మనవాళ్లో పెంచుకోవచ్చు గానీ విజయవాడలో దానికోసం డబ్బు పెట్టొద్దు. వెలుతురు మాత్రం తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి లేత ఎండ చాలు. ఆకు పసుపు తిరిగితే ఎండ ఎక్కువైందని, ముదురు పచ్చగా వాలిపోతే తక్కువైందని అర్థం. రోహిణి కార్తెలో వడగాడ్పు తగిలే బాల్కనీలోంచి లోపలికి తెచ్చేయాలి, ఏసీ గాలి నేరుగా కొట్టేచోట పెట్టకూడదు.

పువ్వు కింద సంచీ చూసి ఇది పురుగుల్ని తింటుందని చాలామంది అనుకుంటారు. తినదు. ఈగలాంటి చిన్న పురుగు అంచు మీద జారి అందులో పడుతుంది, లోపల నున్నగా ఉండటంతో పడిన దారిన పైకి రాలేదు, వెనక వైపు నూగు పట్టుకుని ఎక్కి ఇరుకు సందులోంచి బయటపడుతుంది, ఆ సందులోనే జిగట పుప్పొడి దాని వీపుకి అంటుకుంటుంది. దానికి తేనె చుక్క కూడా దొరకదు. ఇంత ఏర్పాటు ఉన్న పువ్వు నెలా, రెండు నెలలు కూడా నిలుస్తుంది. అది రాలాక మొక్క పని అయిపోయిందని పారేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఆ పిలక మళ్లీ పుయ్యదన్నది నిజమే, కానీ పక్కనుంచి కొత్త పిలక వస్తుంది, ఏడాదో అంతకన్నా ఎక్కువో పెరిగి అది పూస్తుంది. పిలకలు వచ్చాయి కదా అని విడదీసి పంచేయకండి, గుంపుగా ఉంటేనే బలం.

చివరిది, మీ పత్రిక తప్పకుండా రాయాల్సింది. మనం ఇళ్లలో పెంచే ఈ స్లిప్పర్ ఆర్కిడ్ల ప్రజాతి పేరు పాఫియోపెడిలం. మన దేశంలో సహజంగా పెరిగే దాని జాతులన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. అంతర్జాతీయంగా, అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నాయి. దక్షిణాదిలో ఉన్న ఒకే ఒక్క జాతి డ్రూరీ, అగస్త్యమలలో 1865లో బయటపడింది, తవ్వి అమ్ముకోవడం వల్ల అడవిలో తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చింది. ఈ మొక్కల్ని, నర్సరీల్లో ఎక్కువగా కనిపించే ఫాలెనాప్సిస్ ఆర్కిడ్‌లా టిష్యూ కల్చర్‌లో వేలకొద్దీ తీయడం కష్టం, గింజ నుంచి సీసాలో పెంచి పువ్వు చూడ్డానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఫోన్‌లో ఎవరో వేర్లు తెగిన, ఆకుల మీద పురుగు కొరికిన గాట్లున్న గుత్తిని చవగ్గా ఇస్తానంటే అది ఎక్కడిదో అడగండి. నర్సరీలో పెంచినదైతే పేరు రాసిన లేబుల్ ఉంటుంది, బిల్లు ఇస్తారు, లైసెన్సు సంగతి అడిగితే చెప్తారు. ఇవేమీ లేవంటే కొనకండి.

సిక్కింలోని పాక్యోంగ్‌లో 1996 నుంచి జాతీయ ఆర్కిడ్ల పరిశోధన కేంద్రం నడుస్తోంది. అక్కడి శాస్త్రవేత్తల్ని అడిగి, మన ఎండలకీ మన నీళ్లకీ తగ్గట్టు ఏ రకానికి ఏం చేయాలో విడివిడిగా మీ తోటల పేజీలో రాయించండి. ఫొటో కింద మొక్క పేరు వేయడం ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వనస్థలిపురం, హైదరాబాద్