పొయ్యి మధ్యలో పెడితే చిమ్నీ ఎలాంటిది?

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన కిచెన్ ప్లాన్ చూశాను. పొయ్యిని గోడవార నుంచి మధ్యలో గట్టు మీదకి తెచ్చావు కాబట్టి చిమ్నీ పైనుంచే రావాలి. ఇక తేల్చుకోవాల్సింది ఫాల్స్ సీలింగ్‌లో కలిసిపోయేదా, కిందికి వేలాడేదా అనే. మొదటిదే చెల్లెమ్మకి నచ్చిందన్నావు. చూడ్డానికి చాలా బాగుంటుంది, కాదనను. మన వంటకి మాత్రం వద్దురా.

ఫాల్స్ సీలింగ్ 9 అడుగుల్లో వస్తుంది, గట్టు 3 అడుగులు కూడా ఉండదు. అంటే పొగ 6 అడుగులు ఎక్కాలి. ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పోపు పెడితే లేచే ఘాటు అంతదూరం నిటారుగా పోదు. పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది, హాల్లో ఫ్యాన్ తిరుగుతుంటే సోఫాల మీదకే పోతుంది. వేలాడేదైతే పొయ్యికి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉండి, విచ్చుకోకముందే లాగేస్తుంది. పైగా ఫిల్టర్లు కడగడానికి అమ్మ స్టూలెక్కాల్సిన పని ఉండదు. నాకు ఇదే పెద్ద విషయం.

షోరూంలో ఫిల్టర్‌కి కాగితం అంటుకుంటుందని చూపిస్తారు. కాగితాన్ని దానికి ఆనించి పెడితే అంటుకోక ఏం చేస్తుంది? నువ్వు ఒక అగరుబత్తి పట్టుకెళ్లు. వెలిగించి పొయ్యి ఎత్తులో, అంచుల దగ్గర పట్టుకుని, పొగ ఎటు పోతుందో చూడు. మధ్యలో ఉన్నప్పుడు ఏ చిమ్నీ అయినా లాగుతుంది, అంచుల్లోనే తేడా తెలుస్తుంది. నాలుగు బర్నర్ల పొయ్యికి 90 సెంటీమీటర్ల చిమ్నీ తీసుకో, 60 చాలదు.

గంటకి 1200 క్యూబిక్ మీటర్ల గాలి లాగుతుంది, 1400 లాగుతుంది అని డబ్బా మీద రాసింది చూసి మురిసిపోకు. అసలు సంగతంతా పొగని బయటికి పంపే గొట్టంలో ఉంది. బయటి గోడ దాకా 6 అంగుళాల గొట్టమే వెయ్యమను. ప్లంబర్ 4 అంగుళాలది చాలు అంటాడు, ఒప్పుకోకు. అందులో దారి సగం కూడా ఉండదు, మోటారు అరుస్తుంది తప్ప పొగ కదలదు. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. ముడతల అల్యూమినియం గొట్టం తప్పదంటే పూర్తిగా సాగదీసి బిగించమను. దారిలో బీమ్ ఉంటే దానికి చిల్లు పెట్టనివ్వకు.

గొట్టమే అక్కర్లేదు, కార్బన్ ఫిల్టర్ ఉందని చెప్పేవాళ్లు కూడా తగులుతారు. అది వాసన కొంత తగ్గిస్తుంది కానీ ఆవిరీ వేడీ ఇంట్లోనే తిరుగుతాయి. ఆ ఫిల్టర్లలో చాలావాటిని కడిగి వాడలేం, మారుస్తూ ఉండాలి. నూనె పట్టే ఫిల్టర్ మాత్రం బాఫిల్‌దే, అంటే వంపు రేకులుండేదే తీసుకో. మన నూనెకి జాలీ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది.

ఇంకోటి, వేలాడేది బరువుంటుంది. జిప్సమ్ బోర్డుకి కాదు, పైన స్లాబుకే యాంకర్ బోల్టులు పడాలి. ఫాల్స్ సీలింగ్ వాళ్లు ఆదివారం వస్తారన్నావుగా, వాళ్లు మొదలుపెట్టకముందే గొట్టం దారి గీయించి నాకు ఫోటో పంపు. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి