ఎర్రమట్టి దిబ్బలు అబద్ధం చెప్పవు

సంపాదకుల గారికి, నమస్కారం.

విశాఖలో పదిహేనేళ్ళుగా సండే స్కూల్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఈ మధ్య వాళ్ళని భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్ళాం. ఆరో తరగతి పాప ఒకతె చిటికెడు మట్టి బాటిల్ మూతలో వేసి, నాలుగు చుక్కలు నీళ్ళు పోసి వేలితో రుద్దింది. ఎరుపంతా వేలికి అంటుకుంది, మూత అడుగున ఇసుక మిగిలింది. "టీచర్, ఇది బీచ్‌లో ఇసుకే కదా, ఇంత పైకి ఎలా వచ్చింది? ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మాతో వచ్చిన ఒక తమ్ముడు అందుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మంచి విశ్వాసి, పిల్లలంటే ప్రాణం. "గేమ్ ఓపెన్ చేస్తే పాత కోటలు, కొండలు రెడీగా ఉంటాయిగా, వాటిని ఎవరైనా వందల ఏళ్ళు కట్టారా? ఈ లోకం కూడా ఒక సిమ్యులేషనే, అంటే కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి లోకమే. ఆరు వేల ఏళ్ళ కిందట దేవుడు దీన్ని పాతగా కనిపించేలా లోడ్ చేశాడు, శిలాజాలతో సహా" అన్నాడు. సైన్సూ బైబిలూ ఒక్క దెబ్బతో కలిసిపోయాయని పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ మాట కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1857లో, అంటే పరిణామం మీద డార్విన్ పుస్తకం రావడానికి రెండేళ్ళ ముందే, ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త, గొప్ప భక్తుడు, ఇదే రాశాడు. ఆదాముకి బొడ్డు ఉన్నట్టే, మొదటి చెట్లలో వలయాలు ఉన్నట్టే, భూమి కూడా లేని గతం గుర్తులతోనే పుట్టిందన్నాడు. దాన్ని అటు శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు, ఇటు భక్తులూ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని పంతొమ్మిదో కీర్తన పాడుకునే మనం, ఆ ఆకాశం కింద ఉన్న నేల మాత్రం మనల్ని మోసం చేయడానికి పెట్టిందని పిల్లలకి ఎలా చెబుతాం? జరగని చరిత్రకి దొంగ సాక్ష్యాలు పుట్టించేవాణ్ణి నేను దేవుడని పిలవలేను.

సిమ్యులేషన్ వాదాన్ని 2003లో నిక్ బోస్ట్రమ్ అనే తత్వవేత్త రాశాడు. మనం సిమ్యులేషన్‌లో ఉన్నామని ఆయన తేల్చి చెప్పలేదు. ఇలాంటి లోకాల్ని కంప్యూటర్లలో నడిపే శక్తి రాకముందే నాగరికతలు దాదాపు అన్నీ అంతరించిపోతాయి, లేదా శక్తి వచ్చినా అలాంటివి నడపడం మీద వాటికి ఆసక్తి ఉండదు, లేదా మనం ఉన్నది దాదాపుగా సిమ్యులేషన్‌లోనే, ఈ మూడింట్లో ఏదో ఒకటి నిజమవ్వాలన్నాడు, అంతే. అందులో ఆరు వేల ఏళ్ళ లెక్క లేదు. ఒకవేళ మూడోదే నిజమైనా, లోపల కోట్ల ఏళ్ళు నడిచిన పరిణామం నడిచినట్టే.

ఆ తమ్ముడు చెప్పినదాంట్లో నాకు నచ్చిందీ ఉంది. "వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను" అని చదివినప్పుడు కోడ్ రాసే కుర్రాళ్ళకి కమాండ్ గుర్తు రావడం సహజమే, ఆ పోలిక వరకు నాకూ సంతోషమే. కానీ అదే ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు నేలమట్టి చేతిలోకి తీసుకుని మనిషిని చేసి ముక్కులో ఊపిరి ఊదుతాడు. స్క్రీన్ అవతల కూర్చున్నవాడు కాదు ఆయన. మొదటి అధ్యాయంలో సూర్యుడు నాలుగో రోజున గానీ రాడు, మరి ముందు మూడు రోజుల అస్తమయం, ఉదయం ఏ గడియారంతో కొలవాలి? జంతువుల్ని పుట్టించమని ఆయన భూమికే చెబుతాడు, నాకు పరిణామానికి అక్కడే చోటు కనిపిస్తుంది.

చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకి 23. పూర్వీకుల్లోని రెండు క్రోమోజోములు అతుక్కుని మన రెండో క్రోమోజోము అయింది, ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. మనిషి జన్యువుల్ని చదివిన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టుని నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ దీన్ని పరిణామానికి సాక్ష్యంగా చూపిస్తాడు, ప్రార్థనా చేస్తాడు. రెంటికీ ఆయన దగ్గర గొడవ లేదు.

ఆ పాపకి మరుసటి ఆదివారం జవాబు చెప్పాను. మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేదని, బయటపడ్డ ఇసుకని గాలి వేల ఏళ్ళు ఎగరేసి పోగేసిందని, ఇనుము తుప్పే ఆ ఎరుపని. "అయితే దేవుడికి చాలా ఓపిక టీచర్" అంది. ఆ తమ్ముడూ పక్కనే ఉన్నాడు, కాదనలేదు.

మీ పిల్లల పేజీలో ఈ దిబ్బల పుట్టుక గురించి ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ వాళ్ళ చేత ఒక వ్యాసం రాయించండి. క్రిస్మస్ సెలవుల్లో మళ్ళీ వెళ్తున్నాం, ఆ కటింగ్ పట్టుకెళ్తాను.

– ఒక సండే స్కూల్ టీచర్, విశాఖపట్నం