బొన్నెవిల్ ఉప్పు బొన్నెవిల్‌కే తిరిగి రావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేల మీద వేగం రికార్డుల గురించి మీ ఆదివారం పేజీల్లో వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. జెట్ కార్లు వచ్చాక అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పు మైదానం ఆ వేగానికి సరిపోక మూలపడిందని రాశారు. ఆ మైదానానికి రెండు గంటల లోపు దూరంలో, యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. అది మూలపడలేదండి. వాన, బురద అడ్డం రాకపోతే ఇప్పటికీ ప్రతి ఆగస్టులో అక్కడ పాత కార్లు, బైకులు వరసకట్టి నిలబడతాయి.

జెట్ సంగతే చూడండి. క్రెయిగ్ బ్రీడ్‌లవ్ 1965 నవంబరులో గంటకు 600 మైళ్లు దాటింది జెట్ కారుతోనే, ఈ ఉప్పు మీదే. 1970లో గ్యారీ గాబెలిచ్ రాకెట్ కారు ‘బ్లూ ఫ్లేమ్’ 622 మైళ్లు అందుకుంది. మన లెక్కలో వెయ్యి కిలోమీటర్లు దాటినట్టు. 1981లో బ్రిటన్ నుంచి రిచర్డ్ నోబుల్ తన ‘థ్రస్ట్ 2’ని ముందుగా తెచ్చింది కూడా ఇక్కడికే. వానలు పడి పని ఆగిపోయింది. మరుసటి ఏడాది వచ్చేసరికి మైదానం నీళ్లలో ఉంది. అప్పుడు నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి వెతుక్కున్నారు, 1983లో 633 మైళ్ల రికార్డు అక్కడ పడింది. కాబట్టి దయచేసి ఈ సవరణ వేయండి.

నా స్వస్థలం శ్రీకాకుళం జిల్లా నౌపడ. మా ఇంటి వెనకాలే ఉప్పు మడులు. నీళ్లు పెట్టడం, ఎండబెట్టడం, చెక్క పలకతో గీరి గట్టు మీద కుప్ప పోయడం, వానకి కరిగిపోకుండా తాటాకులు కప్పడం చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే బొన్నెవిల్‌ని మొదటిసారి చూసినప్పుడు కార్ల కంటే ముందు ఉప్పు వంకే చూశాను. ఎవరూ గీరని మడి. చలికాలంలో దాని మీద పలచగా నీళ్లు నిలుస్తాయి. ఎండలు ముదిరేసరికి ఆవిరైపోయి, కింద కొత్త పొర అద్దంలా గట్టిపడుతుంది. ఎప్పుడో మంచు యుగంలో ఉన్న ఒక మహా సరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు ఇది.

బ్రిటిష్ డ్రైవరు మాల్కం కాంప్‌బెల్ 1935 మార్చిలో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ ఇసుక మీద 276 మైళ్లు వెళ్లి, ఇక ఆ గతుకులతో లాభం లేదనుకుని సెప్టెంబరులో ఇక్కడికొచ్చాడు. 301 మైళ్లు! కారులో 300 దాటిన మొదటి మనిషి ఆయనే. ఉప్పులో తడి ఉంటుంది కాబట్టి టైర్లు అంతగా వేడెక్కవు. ఆ వేగంలో టైరు పగలకపోవడమే పెద్ద వరం. తర్వాత జార్జ్ ఐస్టన్, జాన్ కాబ్ పోటీలు పడి రికార్డును 1947 నాటికి 394కి తెచ్చారు. సాల్ట్ లేక్ సిటీ మేయరుగా పనిచేసిన ఆబ్ జెంకిన్స్ అయితే 1940లో విమానం ఇంజన్ పెట్టిన కారుతో, మరో డ్రైవరు తోడుగా, 24 గంటల పాటు సగటున 161 మైళ్ల వేగం నిలబెట్టాడు. మేయరు గారు ఇలాంటి పని చేసిన ఊరు ఇంకోటి ఉందేమో నాకు తెలీదు.

నాకు మాత్రం ఈ దొరబాబుల కంటే 1949 నుంచి ‘స్పీడ్ వీక్’ పేరుతో ఇక్కడికి చేరే మామూలు మెకానిక్కులే ఇష్టం. యుద్ధం అయిపోయాక విమానాల కింద వేలాడే పెట్రోలు ట్యాంకులు చవగ్గా దొరికితే, వాటికి చక్రాలు బిగించి, లోపల ఇంజను కూర్చి రేసు కార్లు చేసుకున్నారు. స్పీడ్ వీక్ మొదలవడానికి ముందు ఏడాదే, 1948లో, రోలీ ఫ్రీ అనే ఆయన తోలు సూటు గాలికి అడ్డం పడుతోందని అది విప్పేసి, ఈత నిక్కరుతో విన్సెంట్ బైకు మీద బోర్లా పడుకుని 150 మైళ్లు దాటాడు. 1967లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన బర్ట్ మన్రోకి అప్పటికి 68 ఏళ్లు. ఆయన బండి 1920 నాటి ‘ఇండియన్ స్కౌట్’. పిస్టన్లు కూడా సొంతంగా పోత పోసుకున్నవే. వెయ్యి సీసీ లోపు విభాగంలో 184 మైళ్లు. (ఆ ఇండియన్‌కీ మనకీ చుట్టరికం లేదు, అది అమెరికా కంపెనీ పేరు. ఆఫీసులో ఇది చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.)

90ల చివర్లో ఒక ఆగస్టు ఉదయం నేను చూసిన సంగతి చెబుతాను. 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ ఒకటి, మడ్‌గార్డులు పీకేసి, స్టార్టింగ్ గీత దగ్గర నిలబడింది. దాని గేరు పెద్ద వేగానికి కట్టింది, తనంతట తాను కదలలేదు. వెనక నుంచి ఒక పికప్ ట్రక్కు ముక్కు ఆనించి తోసుకుంటూ పోయింది. కాసేపటికి ఇంజను అందుకుని గర్రుమంది, ట్రక్కు పక్కకి తప్పుకుంది. తర్వాత ఏమీ కనిపించదు. ఎండమావిలో కారు నేల విడిచి తేలినట్టు ఒక నల్ల చుక్క, అంతే. దాని మోత మాత్రం ఎక్కడి నుంచో వస్తూనే ఉంటుంది. వేగం ఎంతో మన కారు రేడియోలో చెబుతారు. అది విని చుట్టుపక్కల వాళ్లంతా ఒకేసారి తలలూపారు.

ఆ కారు తాలూకు పెద్దాయన టార్పాలిన్ మీద కూర్చుని చక్రం లోపల అంటుకున్న ఉప్పు గీకుతున్నాడు. నేను ఉప్పు ఊరి నుంచి వచ్చానంటే నవ్వి, లేచి, చేతిలోని స్క్రూడ్రైవర్‌ని నేలలో గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. బయటికి తీస్తే చివర బూడిద రంగు బురద. “నేను కుర్రాడిగా వచ్చినప్పుడు దీన్ని దింపాలంటే సుత్తి కావాల్సి వచ్చేది” అన్నాడు. పదమూడు మైళ్లుండే ట్రాక్ కొన్నేళ్లు ఎనిమిది మైళ్లు కూడా దొరకలేదు. 2014లో వాన వల్ల, 2015లో ఉప్పు బాగాలేక స్పీడ్ వీక్ రద్దయింది. 2022లో మళ్లీ నీళ్లు నిలిచి రద్దు.

ఉప్పు ఎక్కడికి పోతోంది? నౌపడ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు: ఉప్పునీరు మడిలోకి రాకుండా పక్క కాలవలోకి పోతే మడిలో ఏం పండుతుంది? మైదానం మీదుగా పోయే హైవేకి దక్షిణాన దశాబ్దాలుగా కాలవలు తవ్వి ఆ నేల కింది ఉప్పునీటిని మడుల్లోకి లాగి పొటాష్ తీస్తున్నారు. పొటాష్ అంటే మన రైతు పొలంలో చల్లే ఎరువే. దాన్ని దాదాపు మొత్తం విదేశాల నుంచే తెచ్చుకునే దేశంవాణ్ణి కాబట్టి ఆ పనిని నేను తిట్టను. అయితే పొటాష్ తీసేశాక మిగిలే మామూలు ఉప్పు ఆ మడుల్లోనే ఉండిపోతుంది. దాన్ని మళ్లీ నీళ్లలో కలిపి మైదానం మీదికి పంపవచ్చని 1997 నుంచి 2002 వరకు చేసి చూశారు. ఆ తర్వాతా పంపింగ్ జరిగింది గానీ పొర పలచబడటం ఆగలేదు. వానలు, ఎండలు, అడ్డంగా వేసిన రోడ్డు, మా కార్ల చక్రాలు, వీటి పాత్ర కూడా ఉంది, కాదనను. పరిశోధకులు కూడా దీన్ని ఒక్క ముక్కలో తేల్చలేదు.

ఆ నేల ఫెడరల్ ప్రభుత్వానిది. చూసేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్. 1975 నుంచి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో కూడా ఉంది. నేను అడిగేది చిన్నదే. ఏటా ఎంత ఉప్పు బయటికి పోయింది, ఎంత తిరిగి వచ్చింది అన్న లెక్క నాలాంటివాడికి అర్థమయ్యే భాషలో బయట పెట్టాలి. పొటాష్ తీసే కంపెనీకి లీజు ఉన్నంత కాలం తీసిన ఉప్పుకి తగినంత తిరిగి పంపడం షరతుగా ఉండాలి. మీ పత్రికను నెట్‌లో చదివే తెలుగువాళ్లు యూటాలో ఉన్నారు. ఓటు హక్కు ఉన్నవాళ్లు తమ ప్రతినిధికి ఒక ఉత్తరం ముక్క రాయండి. రేసుల వాళ్లు మాత్రమే అరిస్తే అది సరదా రాయుళ్ల గోల కింద కొట్టేస్తున్నారు.

ఇంకో మాట, కాస్త చిరాకుగానే. మనవాళ్లు ఈమధ్య ప్రీ వెడ్డింగ్ షూట్లకి అక్కడికి వెళుతున్నారు. వెళ్లండి, ఫొటోలు అదిరిపోతాయి. కానీ తడి ఉన్నప్పుడు కారు లోపలికి దించకండి. పై పొర చిట్లి బండి ఇరుసు దాకా బురదలో కూరుకుంటుంది. ఆ గాడి వచ్చే ఏడాది దాకా అలాగే ఉండిపోవచ్చు. క్రేన్ బిల్లు సంగతి సరేసరి. కారుని ఆ రోజే అడుగు నుంచి కడిగించండి, లేదంటే తుప్పు ఖాయం. సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాసుకోండి, అక్కడ ఎండ కింద నుంచి కూడా కొడుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
సాల్ట్ లేక్ సిటీ, యూటా