బేస్ చేత ‘వా’ అనిపించే పెడల్ గురించి

బెంగళూరు

ఒరేయ్ రాంబాబూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. నీ మాటల కన్నా వెనక మీ ఆర్కెస్ట్రా కీబోర్డ్ గోలే ఎక్కువ వినిపించింది గానీ, సంగతి అర్థమైంది. బేస్ గిటార్‌కి ఎన్వలప్ ఫిల్టర్ పెడల్, అదే వాయించే బలాన్ని బట్టి శబ్దాన్ని ‘వా’ అనిపించే ఆ కాలి పెట్టె, కొనాలి, ఏది కొనమంటావ్ అని కదా? ఫోన్లో చెబితే సగం విని ‘సరే సరే’ అని పెట్టేస్తావు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఏది తక్కువకి కనిపిస్తే దాన్ని నొక్కేస్తావు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే కార్డు బయటికి తియ్యి.

ముందు, నువ్వు ‘ఆటో వా’ అని వెతుకుతున్నావు చూడు, ఆ పేరుతో రెండు రకాలు దొరుకుతాయి. ఒక రకంలో ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్నే వదిలి మిగతాది ఆపేది) తన పాటికి తాను ఒకే వేగంతో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. నువ్వెలా వాయించినా దానికి పట్టదు. రెండో రకం నీ చేతిని వింటుంది. తీగని గట్టిగా లాగితే బాగా తెరుచుకుంటుంది, మెల్లగా తాకితే కొంచెమే. నీకు కావలసింది ఈ రెండోది.

లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. బేస్ నుంచి వచ్చిన సిగ్నల్ రెండు దారుల్లో పోతుంది. ఒకటి నేరుగా ఫిల్టర్‌లోకి. రెండో దారిలో ఒక సర్క్యూట్ ఆ సిగ్నల్ ఎంత బలంగా ఉందో ఎప్పటికప్పుడు కొలుస్తూ, ఆ కొలతతో ఫిల్టర్‌ని పైకీ కిందికీ జరుపుతుంది. ‘ఊ’ అని మొదలుపెట్టి, శ్రుతి మార్చకుండా నోరు తెరుస్తూ ‘ఆ’ దాకా రా. గొంతులో స్వరం అదే, మారింది నోటి ఆకారమే. ఈ పెడల్ చేసేదీ ఇదే, కాకపోతే ఇక్కడ నోరు తెరిపించేది నీ వేలు. అప్ మోడ్‌లో పెడితే ‘వా’ అంటుంది, డౌన్‌లో పెడితే ‘ఆవ్’ అంటుంది. అందరూ అప్ వెంట పడతారు. నెమ్మది పాటల్లో డౌన్ ఎంత బాగుంటుందో ఒకసారి విను, మళ్ళీ మాట్లాడుకుందాం.

ఈ శబ్దానికి పెద్దదిక్కు మ్యూట్రాన్ 3. మ్యూజిట్రానిక్స్ అనే అమెరికన్ కంపెనీ 1972లో తెచ్చింది, డిజైన్ చేసింది మైక్ బీగెల్. అందులో ఫిల్టర్‌ని కదిపేది ఒక చిన్న దీపం, దాని ఎదురుగా వెలుగుని పసిగట్టే ఒక ఫొటోసెల్. నువ్వు గట్టిగా వాయిస్తే దీపం ఎక్కువ వెలుగుతుంది. ఫొటోసెల్ ఆ వెలుగుకి కాస్త నింపాదిగా స్పందిస్తుంది కాబట్టి ఆ ‘వా’ గుండ్రంగా, నున్నగా వస్తుంది. 1973లోనే అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ తన క్లావినెట్‌ని, అంటే ఒక రకం ఎలక్ట్రిక్ కీబోర్డ్‌ని, దీనికి తగిలించాడు. మన బేస్ వాళ్ళకి మాత్రం గురువు బూట్సీ కాలిన్సే. 1970లో ఫంక్ (లయే ప్రాణమైన అమెరికన్ సంగీతం) గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌లో చేరిన కుర్రాడు, తర్వాత పార్లమెంట్-ఫంకడెలిక్ బృందంలో ఈ పెడల్‌తో బేస్ చేత కబుర్లు చెప్పించాడు. ఆయన వాయింపులో గమనించు, మొదటి దెబ్బ దగ్గర బరువంతా పెట్టి మిగతా బార్ (తాళావర్తం) అంతా ఆడుకుంటాడు. మొదటి దెబ్బకి ఫిల్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది, మిగతావి చిన్నచిన్న గొణుగుళ్ళు. నువ్వేమో ఎనిమిదికి ఎనిమిదీ ఒకే బలంతో కొడతావు. అలా కొడితే ఏ పెడల్ అయినా ఒకే అక్షరం చదువుతుంది.

ఇక అసలు గొడవ. ఈ పెడళ్ళలో చాలావరకు గిటార్ కోసం చేసినవి. గిటార్‌లో అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, మన బేస్ ఇ తీగ 41 దగ్గర. నీ ఐదు తీగల బేస్‌లో బి అయితే 31కి దిగుతుంది. మధ్య భాగాన్నే వదిలే బ్యాండ్‌పాస్ మోడ్‌లో పెట్టగానే ఆ అడుగు భాగమంతా గల్లంతు. ఇంట్లో ఒక్కడివే హెడ్‌ఫోన్స్‌లో వింటే అదిరిపోయినట్టు ఉంటుంది. డ్రమ్స్‌తో కలిసి వాయిస్తే ‘బేస్ ఎక్కడ?’ అని అందరూ నీ వైపే చూస్తారు. పైదాన్ని ఆపి అడుగుని వదిలే లోపాస్‌లో అడుగు నిలుస్తుంది గానీ, క్యూ (ఫిల్టర్ ఉన్నచోట శబ్దం ఎంత పదునుగా పొంగాలో చెప్పే నాబ్) ఎక్కువ పెట్టావంటే కొన్ని స్వరాల దగ్గర స్పీకర్ ఎగిరిపడుతుంది. అందుకని నా మాట ఒక్కటే విను: మామూలు బేస్ శబ్దాన్ని పక్కనే కలుపుకునే బ్లెండ్ గానీ, డ్రై నాబ్ గానీ లేని పెడల్ కొనకు. మిగతా ఎన్ని హంగులున్నా దీని తర్వాతే.

ఆ లెక్కన నా ఓటు ఎమ్‌ఎక్స్‌ఆర్ బేస్ ఎన్వలప్ ఫిల్టర్‌కి. డ్రై, ఎఫెక్ట్ విడివిడి నాబ్‌లు, వాటితో పాటు డికే (ఫిల్టర్ ఎంతసేపట్లో మూసుకోవాలో), క్యూ, సెన్సిటివిటీ (ఎంత బలానికి తెరుచుకోవాలో). అంతే. స్టేజి మీద చీకట్లో కూడా ఏ నాబ్ ఏదో తడుముకోకుండా తెలుస్తుంది. పాతవాటిలో డీఓడీ ఎఫ్ఎక్స్25బి కనిపిస్తే వదలకు. అంతకుముందు వచ్చిన ఎఫ్ఎక్స్25కి బ్లెండ్ లేదు, ఆ చివరి ‘బి’ ఉందో లేదో చూసుకో. ఎలక్ట్రో హార్మోనిక్స్ మైక్రో క్యూట్రాన్ శబ్దం నాకు ప్రాణం. క్యూట్రాన్ వరస కూడా ఆ బీగెల్ చేతి పనే. కానీ మైక్రోలో డ్రై కలుపుకునే వీలు లేదు. పెద్ద క్యూట్రాన్‌లో మిక్స్ మోడ్ ఉంది, ప్లస్ మోడల్‌లో మధ్యలో ఇంకో పెడల్ దూర్చుకునే లూప్ కూడా ఉంది. అదే కంపెనీ బేస్‌బాల్స్‌లో రెండు ఫిల్టర్లు కలిసి కదులుతాయి, మనిషి మూలిగినట్టు ఉంటుంది. సరదాగా ఉంటుంది గానీ పెళ్ళి రిసెప్షన్‌లో వాడితే మీ సింగర్ ఊరుకోదు. యాప్‌లో కూర్చుని గీతలు జరుపుకునే ఓపిక ఉంటే సోర్స్ ఆడియో వాళ్ళ డిజిటల్‌వి చాలా చేస్తాయి. నీకు ఆ ఓపిక లేదని నాకు తెలుసు.

నీది యాక్టివ్ బేస్, అంటే లోపలే సిగ్నల్ పెంచే సర్క్యూట్ ఉన్నది, అని మర్చిపోకు. దాని అవుట్‌పుట్ గట్టిగా ఉంటుంది. సెన్సిటివిటీ సున్నాకి దగ్గర పెట్టినా కొన్ని పెడళ్ళు మొదటి స్వరానికే నోరంతా తెరిచేసి అలాగే ఉండిపోతాయి. షాపులో ముందు ఇ తీగని నీ మామూలు బలంతో వాయించు, ఫిల్టర్ సగం పైన తెరుచుకునేలా పెట్టుకో, తర్వాత జి తీగ మీదికి వెళ్ళు. అక్కడ కూడా పలికితే ఆ పెడల్ నీది. డికే సంగతి కూడా అక్కడే తేల్చుకో. టెంపో 100 ఉన్న పాటలో పదహారో వంతు స్వరానికి దొరికేది 150 మిల్లీసెకన్లు. ఆలోగా ఫిల్టర్ మూసుకోకపోతే తర్వాతి స్వరానికి మళ్ళీ ‘వా’ రాదు, అంతా ఒకే ముద్ద. ఎడమ చేత్తో తీగని వెంటవెంటనే ఆపడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఫంక్‌లో ఖాళీలే కదా సంగీతం. ఈ మాట నీకు చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

నీ బేస్‌కి ఆ ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నటి చుట్టు ఉన్న) తీగలే ఇంకా ఉన్నాయా? ఉంటే మార్చు. వాటిలో పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పైన పలికే సన్నని స్వరాలు) తక్కువ, ఫిల్టర్‌కి కొరుక్కోవడానికి ఏమీ దొరకదు. గరుకు చుట్టు ఉన్న కొత్త రౌండ్‌వౌండ్ తీగలు వేసి, బ్రిడ్జి పికప్ కొంచెం పెంచు.

పెడళ్ళని ఏ వరసలో కలపాలో కూడా అడిగావు. కంప్రెసర్‌ని ఫిల్టర్ ముందు పెట్టావో, నీ చేతి హెచ్చుతగ్గులన్నీ చదును చేసేస్తుంది, ఫిల్టర్‌కి వినడానికి తేడానే మిగలదు. తర్వాత పెట్టు, అప్పుడు క్యూ ఎగిరిపడేచోట్ల పట్టి ఉంచుతుంది కూడా. ఆక్టేవ్ (అదే స్వరాన్ని ఇంకో స్థాయిలో కలిపేది), ఫజ్ (శబ్దాన్ని గరుకుగా చేసేది) మాత్రం ఫిల్టర్ ముందే. ఫజ్ వల్ల హార్మోనిక్స్ పెరిగి, బేస్ అచ్చం సింథ్‌లా పలుకుతుంది. కానీ ఫజ్ కూడా హెచ్చుతగ్గుల్ని నొక్కేస్తుంది. ఆ క్యూట్రాన్ ప్లస్ లూప్ గొప్పతనం ఇక్కడే: ఫజ్‌ని ఆ లూప్‌లో పెడితే కొలిచే సర్క్యూట్‌కి నీ అసలు వాయింపే చేరుతుంది, ఫిల్టర్‌కి మాత్రం ఫజ్ చేరుతుంది. నీకు ఇప్పుడే అంత అవసరం లేదనుకో.

అడాప్టర్ విషయంలో మాత్రం కక్కుర్తి పడకు. ఈ పెడళ్ళలో ఎక్కువ వాటికి 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. ఇంట్లో పడి ఉండే రౌటర్ అడాప్టర్లకి మామూలుగా మధ్య పిన్ను పాజిటివ్. రెండూ ఒకేలా దూరతాయి, అదే టెన్షన్. ఇక్కడికి వచ్చాక సరైన అడాప్టర్ కోసం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్‌కి వెళ్దాం, మెట్రోలో మెజెస్టిక్ దగ్గర గ్రీన్ లైన్ మారి చిక్‌పేటలో దిగితే నడిచిపోవచ్చు. ఆదివారం మాత్రం వద్దు, చాలా షట్టర్లు మూసే ఉంటాయి.

సంక్రాంతి తర్వాత ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకుంటానన్నావుగా. బేస్‌ని మెత్తటి కవర్‌లో కాకుండా గట్టి కేసులో పెట్టి పైబెర్త్ తీసుకో. షాపువాడి బేస్‌తో పెడల్ చూసి కొనడం నాకు ఇష్టం లేదు, వాడి బేస్ అవుట్‌పుట్ వేరు, నీది వేరు. మా డ్రమ్మర్‌కి చెప్పి ఇందిరానగర్ దగ్గర జామ్ రూమ్ ఒక పూటకి మాట్లాడి పెడతాను, కొన్నది ఆ సాయంత్రమే డ్రమ్స్‌తో వినాలి. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో కొనేముందే షాపులో అడిగి రాయించుకుందాం. టికెట్ తీసుకోగానే తేదీ పంపు, రూమ్ శనివారాలు దొరకడం కష్టం.

అత్తయ్యగారిని అడిగానని చెప్పు. ఆవిడ మాడుగుల హల్వా పంపితే నేను కాదనను.

నీ,
శీను